రుక్మిణమ్మ మూడో గోలీని ఆపే అధికారం ఎవరిది?

జిల్లా వైద్యాధికారి గారి సముఖమునకు,

సాతంరాయి నివాసి, కాటేదాన్‌లోని పంపుల కార్ఖానాలో ముప్పై ఒక్క సంవత్సరాలు తనిఖీ విభాగంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న అనంతయ్య, వయసు 74, వ్రాసుకొను అర్జీ.

విషయం: నా భార్య రుక్మిణమ్మకు, వయసు 70, గురువారపు ఓపీలో బీపీ గోలీలు పెంచబడుచు పోవుట – అందులో ఒకటి తగ్గించుటకు ఎవరును ముందుకు రాకపోవుట – తగు ఉత్తర్వు కోరుట గురించి.

సూచిక: ఇదివరకు పంపుకొన్న రెండు అర్జీలు. మొదటిదానికి రసీదు ఇచ్చారు. రెండవదానికి అదీ ఇవ్వలేదు.

అయ్యా,

పై విషయమై తమకు మూడవసారి రాస్తున్నాను. మొదటి రెండు అర్జీలలో మర్యాద ఎక్కువై సంగతి తక్కువైంది. ఈసారి సంగతి అంతా రాస్తాను. మర్యాద తగ్గినచోట ముసలివాడి కోపమని సరిపెట్టుకొని ముందుకు చదవవలసిందిగా మనవి.

ఏ ఆరోగ్య కేంద్రమో పేరు రాయడం లేదు. పేరు రాస్తే అక్కడి నర్సమ్మను దూరపు ఊరికి బదిలీ చేసి, ఫైలు మూసి, అర్జీదారు సంతృప్తి చెందెనని రాసుకుంటారు. మా కార్ఖానాలోనూ అంతే. కొలత తప్పితే కొలిచేవాడిని మార్చేవారు, కొలిచే పద్ధతిని మార్చేవారు కాదు. తమరు పిలిచి అడిగితే పేరు నోటితో చెప్తాను.

1. రుక్మిణమ్మకు బీపీ ఉన్నదని నాలుగేళ్ళ కిందట తెలిసింది. ఉన్న మాట నిజం. గోలీలే వద్దనే మనిషిని నేను కాను. గోలీలు మానేసి పసర్లు తాగి, కాలూ చెయ్యీ పడిపోయి మంచాన ఉన్నవాళ్ళను మా వీధిలోనే చూశాను. అప్పుడు రోజుకు ఒక గోలీ రాశారు. మూడేళ్ళు అదే వేసుకుంది. ఇంటిపని చేసుకుంది, నన్ను తిట్టింది, బాగానే ఉంది. నిరుటి నుంచి గురువారం ఓపీ పెట్టి షుగరు, బీపీ రెండూ ఒకే పూట చూస్తున్నారు. అప్పటినుంచి పది నెలల్లో ఒక గోలీ మూడైంది. ఆమెలో ఏం మారిందని చూస్తే ఏమీ మారలేదు. మారింది గురువారం ఒక్కటే.

2. గురువారం ఎలా గడుస్తుందో తమకు తెలియకపోవచ్చు. తమరు వచ్చినప్పుడు అందరినీ ఆ పూటకు తెప్పించిన కుర్చీల్లో కూర్చోబెడతారు.

రక్తం పరగడుపున ఇవ్వాలి కనుక బుధవారం రాత్రి భోజనం తర్వాత ఎవరూ ఏమీ తినరు. పొద్దున చాయ్ లేదు. బీపీ గోలీ కూడా వేసుకోరు. వేసుకోవద్దని దవాఖానవాళ్ళు చెప్పలేదు, వేసుకొని రమ్మనీ చెప్పలేదు. రక్తం ఇచ్చేదాకా నోట్లోకి ఏదీ పోకూడదని మా వైపు అందరి పట్టింపు, ఉపవాసం కన్నా నిష్ఠగా పాటిస్తారు. ఏడింటికి ఇంట్లో బయల్దేరి, ఎయిర్‌పోర్టుకు పోయే కార్ల నడుమ ఉరికి రోడ్డు దాటి, ఆటో ఎక్కి, టోకెను తీసుకొని నిలబడాలి. తొమ్మిదింటికి రక్తం తీస్తారు. వెంటనే బీపీ వరసలో నిలబడాలి. వరస పోతుందని బయటికి పోయి ఇడ్లీ తినరు, మూత్రానికి కూడా పోరు. రుక్మిణమ్మ వంతు వచ్చేసరికి పదకొండున్నర అవుతుంది. అప్పటికి ఆమె అన్నం తిని పదిహేను గంటలు, గోలీ వేసుకొని ఇరవై ఎనిమిది గంటలు. సరిగ్గా అప్పుడు కొలుస్తారు.

అయ్యా, ఇనుము కోసే లేతు మిషను మీదినుంచి దించిన షాఫ్టును వేడిగా ఉన్నప్పుడు కొలిస్తే అసలు కన్నా లావు చూపిస్తుంది. చల్లారనిచ్చి కొలవాలి. ఉద్యోగంలో చేరిన మొదటి వారం నేను ఒక వేడి షాఫ్టును కొలిచి, లావుంది ఇంకా కోయండి అని రాసిచ్చాను. కోశారు. చల్లారాక అది ఏ పంపుకూ పనికిరానంత సన్నమైంది. మా ఫోర్‌మన్ ఆ షాఫ్టును ఏడాదిపాటు నా బల్ల మీదే ఉంచాడు. రుక్మిణమ్మను వేడి మీద కొలిచి కోస్తున్నారన్నది నా ఫిర్యాదు.

3. ఇక కొలిచే విధానం. నిర్మల అనే నర్సమ్మ బీపీ చూస్తుంది. చెడ్డ మనిషి కాదు. "జర జల్ది చెయ్యియ్యి అవ్వా," అని రవికె చేతి మీదనే పట్టీ చుట్టి మిషను నొక్కుతుంది. నొక్కి, ప్రేమగా, "కోడలు మంచిగ జూస్తున్నదా?" అని అడుగుతుంది.

"ఏం జూస్తది బిడ్డా, దానికి ఫోన్ జూసుకునుడే సరిపాయె. మొన్న ఏమైందో ఎరికేనా..." అని మా ఆవిడ మొదలుపెడుతుంది. మిషను అప్పుడు కొలుస్తూ ఉంటుంది. కోడలి మీద చాడీలు చెప్తుండగా ఏ అత్త బీపీ తక్కువ వస్తుందో శాస్త్రజ్ఞులు తేల్చాలి. 176 వచ్చింది. రాసుకున్నారు.

నర్సమ్మ కుర్చీ వెనక గోడ మీద తమ శాఖవారు వేయించిన పటం ఉంది. రోగిని ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టాలి, కాళ్ళు నేలకు ఆనాలి, చెయ్యి గుండె ఎత్తున ఉండాలి, బట్ట మీద పట్టీ కట్టరాదు, మాట్లాడించరాదు, రెండుసార్లు కొలవాలి అని బొమ్మలతో సహా ఉంది. వరసలో నిలబడి నేను దాన్ని కంఠతా పట్టాను. ఒకనాడు ఉండబట్టలేక చెప్పాను.

"నర్సమ్మా, ఐదు నిమిషాలు కూర్చోబెట్టాలని మీ గోడ మీదనే ఉన్నది."

"ఏ గోడ పెద్దయ్యా?"

"నీ ఎనక గోడ."

ఆమె తిరిగి చూసింది. మొత్తం చదివింది. "గిది ఎప్పుడు పెట్టిండ్రు?" అన్నది. తర్వాత నా వైపు తిరిగి, "నూట నలభై మంది ఉన్నరు. ఒక్కొక్కలను ఐదు నిమిషాలు కూసోబెడితే నేను ఇంటికి ఎప్పుడు పోవాలె? ఉన్నయి రెండు కుర్సీలు. ఒకటి నాది," అన్నది.

ఆమె ప్రశ్నకు జవాబు తమ శాఖే ఇవ్వాలి. తమ దగ్గర ఉంటే తెలుపగలరు.

4. నర్సమ్మ రాసిన అంకెను చూసి మందు రాసేది నవీన్‌కుమార్ అనే డాక్టరు. ముప్పై ఏళ్ళు కూడా నిండని మనిషి. మధ్యాహ్నం ఒంటిగంటలోపు నూట నలభై మందిని చూడాలి. నేను గడియారం పెట్టి చూశాను, రుక్మిణమ్మకు దొరికింది నిమిషంన్నర.

"అమ్మా, గోలీలు రోజూ వేసుకుంటున్నారా?"

"రోజు ఏస్కుంటున్న సారూ. ఒక్కనాడు తప్పలే."

ఈ పొద్దున వేసుకున్నారా అని ఆయన అడగలేదు. ఈ పొద్దున వేసుకోలేదని ఆమె చెప్పలేదు. రోజూ వేసుకున్నా తగ్గలేదంటే మందు చాలడం లేదని ఆయన తీర్మానించాడు. ఆ చోట తమరున్నా అదే తీర్మానిస్తారు. మొదట రెండో గోలీ చేర్చాడు. తర్వాత మొదటి గోలీ మోతాదు రెట్టింపు చేశాడు. దసరా తర్వాత మూడోది, ఒంట్లో నీరు మూత్రంలో పోయే గోలీ, రాశాడు. ఆయన ముందున్న ట్యాబులో బీపీ అదుపులో లేనివాళ్ళ పేర్లు ఎర్రగా వస్తాయట. ఎర్ర పేర్లు ఎక్కువైతే పైనుంచి ఫోను వస్తుందట. ఆ పైన ఎవరుంటారో నేను తమకు చెప్పనక్కరలేదు.

5. మూడో గోలీ మొదలైన పదిహేను రోజులకు రుక్మిణమ్మ పొయ్యి దగ్గర పీట మీదినుంచి లేస్తూ కూలబడింది. "లేస్తే కండ్లకు చీకట్లు వస్తున్నయి. గీ గోలీలు నాకు పడుత లేవు," అన్నది.

"ఇరవై ఏళ్ళ సంది చూస్తున్న, పని చేయాల్సి వచ్చినప్పుడల్లా నీకు చీకట్లే," అన్నవాడు ఒకడున్నాడు. అర్జీదారుడే.

రెండోసారి ఆటో దిగుతూ పడబోయింది, ఆటో అతను పట్టుకున్నాడు. మూడోసారి తెల్లవారుజామున మూత్రానికని మంచం మీదినుంచి గబుక్కున లేచి గడపకు అడ్డంగా పడింది. కుడి మణికట్టు విరిగింది. పిండికట్టు వేశారు. ఆ వేసినవాళ్ళు ఎముక ఎలా విరిగిందో అడిగారు గాని మనిషి ఎందుకు పడిందో అడగలేదు. అది వాళ్ళ విభాగం కాదట.

6. మా ఎదురింటి సత్తిబాబు గారు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన విశ్రాంత బ్యాంకు ఉద్యోగి. ఆయనకూ నాకూ ఆరేళ్ళుగా మాటలు లేవు. గ్రంథాలయంలో ఆదివారం పేపరు మధ్య పేజీలు చించుకుపోయేది ఆయనేనని అప్పట్లో నేను నలుగురిలో అన్నాను. ఇప్పటికీ నా అభిప్రాయం అదే. అయినా పిండికట్టుతో మా ఆవిడను చూసి ఆయన తన బీపీ మిషను పట్టుకొని మా ఇంటికి వచ్చాడు.

"అనంతయ్య గారూ, మీరు నన్ను దొంగ అన్నారు, సరే, అది తర్వాత తేల్చుకుందాం. ముందు ఆవిణ్ణి పడుకోబెట్టి బీపీ చూడండి. తర్వాత నిలబెట్టి, ఓ నిమిషం ఆగి మళ్ళీ చూడండి. మా ఆవిడ మంగాదేవికీ ఇలాగే అయిందండి."

పడుకుంటే 124. నిలబెట్టి చూస్తే 94. ఆ నిమిషంలోనే రుక్మిణమ్మ ఎడమచేత్తో గోడ పట్టుకుంది. "సూసినవా, నేను దొంగేషాలు ఏస్తున్ననా?" అన్నది నాతో. సత్తిబాబు గారు మర్యాదగా కిటికీలోంచి బయటికి చూశాడు.

ముప్పై ఒక్క ఏళ్ళు ఇనుప ముక్కను కూడా రెండు వైపులా తిప్పి కొలిచినవాణ్ణి. కట్టుకున్న మనిషిని నిలబెట్టి కొలవాలని నాకు తోచలేదు, ఎదురింటివాడు చెప్పాల్సి వచ్చింది.

7. పదహారు రోజులు పొద్దున, సాయంత్రం కొలిచి నోటుబుక్కులో గీతలు గీసి రాశాను. కూర్చుంటే 118 నుంచి 130 మధ్య. నిలబడితే ఏ పూటా 100 దాటలేదు. ఆ పుస్తకం తీసుకొని గురువారం డాక్టరు దగ్గరికి పోయాను. ఆయన నిజంగా చదివాడు. నా వెనక వరస గోల చేస్తున్నా రెండు పేజీలు చదివాడు.

"తాతగారూ, మీరు రాసింది బాగుంది. కానీ ఇంటి మిషన్ లెక్క నేను ట్యాబులో ఎక్కించలేను. ఇక్కడ కొలిస్తే ఇవాళ కూడా 170 ఉంది. 170 ఉన్న మనిషికి నేను మందు తగ్గించి, రేపు ఆమెకు పక్షవాతం వస్తే ఎవరిని అడుగుతారు? పెద్దాసుపత్రికి రాసిస్తాను, స్పెషలిస్టును కలవండి."

ఆరాంఘర్ దాకా ఒక బస్సు, అక్కణ్ణుంచి ఇంకో బస్సు. పెద్దాసుపత్రిలో రెండు పూటలు కూర్చున్నాక స్పెషలిస్టు కాగితం తిప్పి చూసి, "ఇది మీ ఓపీ డాక్టరే సరిచేయొచ్చు కదా. ఎవరు రాశారో వాళ్ళనే అడగండి," అని ఆ మాటే కాగితం మీద రాసి పంపాడు. తిరిగి వచ్చేసరికి నవీన్‌కుమార్ గారు పైచదువు పరీక్షకని సెలవు పెట్టారు. ఆయన స్థానంలో వచ్చినవారు, "రెగ్యులర్ డాక్టర్ వచ్చేదాకా ఇవే కంటిన్యూ చేయండి," అన్నారు.

అయ్యా, గోలీ చేర్చడానికి నిమిషంన్నర పట్టింది. తీసేయడానికి అయిదు వారాలై ఇంకా మనిషి దొరకలేదు. చేర్చినవాణ్ణి ఎవరూ కారణం అడగరు. తీసేసినవాడు మాత్రం ముందు ముందు ఏది జరిగినా జవాబు చెప్పుకోవాలి. ఇట్లాంటి ఏర్పాటులో ఏ తెలివిగలవాడైనా చేర్చుతూనే పోతాడు. వాళ్ళమీద నాకు కోపం ఉంది గాని, వాళ్ళ స్థానంలో నేనైతే వేరేగా చేసేవాణ్ణని రాయలేను.

8. నా కొడుకు వీరేందర్ ఎయిర్‌పోర్టు కార్గోలో పనిచేస్తాడు. వాడి సలహా: "బాపు, నువ్వు డాక్టరువా? నాలుగు పేపర్లు సదివి అందరికి చెప్పుడు బంజెయ్యి. వాళ్ళు ఏమిస్తే గది మింగుమను." ఇది ఫిర్యాదు కాదు. సమాచారం కోసం రాశాను.

9. ఈ అంశాన్ని మొదటి రెండు అర్జీలలో రాయలేదు.

గోలీ వేసుకోకుండా పరగడుపున పోవడం అందరి పట్టింపు అని పైన రాశాను. పట్టింపు అనేది ఎక్కడో ఒకచోట మొదలవుతుంది. ఓపీ పెట్టిన తొలి గురువారం వరసలో ఒకామె, "బీపీ గోలీ ఏస్కోవచ్చునా అన్నా?" అని నన్ను అడిగింది. చేతిలో పేపరు, కళ్ళజోడు ఉన్నవాణ్ణి కనుక అడిగింది. నాకు తెలియదు. తెలియదని చెప్పడం నాకు అలవాటు లేదు. "పరగడుపు అంటే ఏదీ లోపలికి పోవద్దు, గోలీ కూడా," అని అందరూ వినేటట్టు చెప్పాను. నలుగురైదుగురు తల ఊపారు. మరుసటి నెలకు వాళ్ళు వేరేవాళ్ళకు చెప్పారు. రుక్మిణమ్మ ఆరోజు గోలీ వేసుకోబోతుంటే చేతిలోంచి లాక్కున్నది కూడా నేనే. షుగరు పరీక్షకు పోయేటప్పుడు బీపీ గోలీ గుక్కెడు మంచినీళ్ళతో వేసుకోవచ్చని మొన్న సత్తిబాబు గారి మిషనుతో వచ్చిన కాగితాలు చాలక, మందుల షాపులో అడిగి, నిర్మల నర్సమ్మను అడిగి తెలుసుకున్నాను. "ఏస్కోవచ్చు గద పెద్దయ్యా, ఎవరు వద్దన్నరు?" అన్నది ఆమె. ఎవరు వద్దన్నదీ నేను చెప్పలేదు.

వరసలో ఎప్పుడూ మా ముందు టోకెను దశరథంది. ఆయనకూ గోలీలు పెంచారు. రెండు నెలలుగా ఆయన గురువారాలు రావడం లేదు. ఇల్లు నాకు తెలుసు. ఎందుకు రావడం లేదని అడగడానికి ఇంతవరకు పోలేదు.

10. తొమ్మిది రోజులుగా నేను రుక్మిణమ్మకు మూడో గోలీ ఇవ్వడం లేదు. ఎవరి ఉత్తర్వూ లేదు. నేనే ఆపాను. చెయ్యి విరిగినందున గోలీలు నేనే తీసి ఇస్తాను, కనుక ఆమెకు తెలియదు. మూడు గోలీలు ఉండాలని లెక్క చూసుకుంటుంది. ఎముక బలానికని ఇచ్చిన సున్నపు గోలీని, అదే కాల్షియం గోలీని, సగానికి విరిచి మూడోదిగా పెడుతున్నాను.

మొదటి వారం నిలబడితే 112 వచ్చింది. పడలేదు. నిన్న సాయంత్రం కూర్చోబెట్టి చూస్తే 158. ఐదు నిమిషాలు ఆగి చూస్తే 149. మూడోసారి చూడలేదు. పట్టీ విప్పేశాను. గోలీ ఆపినందుకు పెరిగిందా, కోడలితో మాటపట్టింపు వచ్చినందుకు పెరిగిందా, ఇది పెరగడమేనా కాదా, తిరిగి ఇవ్వాలా, ఇస్తే మళ్ళీ గడప మీద పడుతుందా, ఇవ్వకపోతే ఒక పొద్దున నోరు వంకర పోయి లేస్తుందా, నాకు తెలియదు. ఈసారి తెలియదనే రాస్తున్నాను. ఆమె నిద్రపోతున్నప్పుడు మొహం చూస్తూ కూర్చుంటున్నాను, రెండు పక్కలా సమంగా ఉందో లేదో అని.

కావున తమరు దయతో:

(అ) రుక్మిణమ్మను ఒక్కసారి, తిన్నాక, గోలీలు వేసుకున్నాక, కూర్చోబెట్టి, నిలబెట్టి, రెండు విధాలా కొలిచి, ఏ గోలీ ఉండాలో ఏది పోవాలో సంతకంతో రాసిచ్చే డాక్టరు ఒకరిని నియమించవలెను.

(ఆ) రక్తం ఇచ్చే రోజు బీపీ గోలీ మానవద్దని టోకెను ఇచ్చే కిటికీ మీద పెద్ద అక్షరాలతో రాయించవలెను. రంగు, బ్రష్షు ఇస్తే నేనే రాస్తాను. నా చేతిరాత బాగుంటుంది.

(ఇ) నర్సమ్మకు ఇంకో ఆరు కుర్చీలు ఇప్పించవలెను.

(ఈ) పై మూడూ వీలుకాకపోతే, మూడో గోలీ ఇవ్వమనో వద్దనో ఒక్క ముక్క రాసినా చాలును. తప్పు ఆజ్ఞ అయినా సరే, ఎవరో ఒకరిది ఉంటే పాటిస్తాను.

ఈ మనవిని చిత్తగించి, ముందటి రెండింటి పక్కన పెట్టక, గురువారం లోపల బదులు పలుకవలెనని వేడుకొనుచున్నాను.

తమ విధేయుడు,
అనంతయ్య
సాతంరాయి

తా.క.: జవాబు మా ఇంటి చిరునామాకు కాక సత్తిబాబు గారి చిరునామాకు పంపగలరు. మా ఇంటికి వస్తే కోడలు పైకి చదువుతుంది.

ఇది మడిచి కవరులో పెడుతుండగా రుక్మిణమ్మ వచ్చి పక్కన కూర్చున్నది. ఎవరికి రాస్తున్నావని అడిగితే దవాఖానకు అన్నాను.

"మంచిగ రాయి," అన్నది. "గా మూడో గోలీ మొదట పడలే గని, గీ వారం పది రోజుల సంది మంచిగ పనిజేస్తున్నది. కండ్లు తిరుగుత లేవు. డాక్టరు సారు వస్తే గురువారం నేనే జెప్త, ఉత్తగ ఆయనను తిట్టుకున్నం, ఆ గోలీ ఎన్నడు బంజెయ్యకుర్రి అని. నువ్వు గూడ జెప్పాలె."

సరే అన్నాను. అయ్యా, గురువారం ఆమె డాక్టరుకు ఆ మాట చెప్తుంది, ఆయన సంతోషంగా రాసుకుంటాడు. నేను పక్కనే నిలబడి ఉంటాను. నేనేం చెప్పాలో రాయండి.